“ఈ ఆస్కర్ ఎవరండి మాస్టారూ?” – పర్లాకిమిడి నర్సు ఒకరి ఐఇఎల్‌టిఎస్ లిజనింగ్ సాధన: కేస్ స్టడీ

“మాస్టారూ, ఈ ఆస్కర్ ఎవరండి? మధ్యలో ఎక్కడి నుంచి వచ్చాడు?”

ఆ అమ్మాయి ఈ ప్రశ్న అడిగేసరికి నా దగ్గర చేరి పది రోజులైంది. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఐఇఎల్‌టిఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో లిజనింగ్, అంటే విని జవాబులు రాసే భాగం, సాధన చేస్తున్నాం. ఆడియోలో ఓ లైబ్రరీ ఉద్యోగి మాట్లాడుతున్నాడు. కౌంటర్‌లో ఉన్నామెను అడగమని చెబుతూ ‘ఆస్క్ హర్’ అన్నాడు. అతని నోట ఆ రెండు మాటలూ అతుక్కుపోయి, మధ్యలో ‘హ’ ఎగిరిపోయి ‘ఆస్కర్’ అయ్యాయి. ‘ఆస్క్’ ఆమెకు చిన్న తరగతుల నుంచే తెలుసు, ‘హర్’ కూడా అంతే. రెండూ తెలిసిన మనిషికే అవి కలిసి వచ్చేసరికి ఎవరో కొత్తవాడు వినిపించాడు. ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది కాబట్టి దానితోనే మొదలుపెట్టాను.

నేను ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో పన్నెండేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. గుణుపురం, కాశీనగర్, రాయగడ వైపు నుంచీ, సరిహద్దు దాటి పాతపట్నం నుంచీ పిల్లలు వస్తారు. ఎక్కువమంది నర్సింగ్ చదివినవాళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీ పుస్తకాల్లో ఇంగ్లిష్. ఇలాంటి పిల్లలు లిజనింగ్‌లో ఎక్కడ తడబడతారో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. ఈ అమ్మాయి వచ్చాక ఆ తెలుసనుకున్నదాన్ని చాలావరకు మార్చుకోవలసి వచ్చింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు రాయడం లేదు.

వచ్చేనాటికి పరిస్థితి

వయసు ఇరవై ఆరు. పదో తరగతి దాకా ఒడియా మీడియం, బరంపురంలో బీఎస్సీ నర్సింగ్, తర్వాత మూడేళ్లుగా ఇక్కడే ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలన్నది కోరిక. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఐఇఎల్‌టిఎస్ అకడమిక్‌లో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింటిలో 7 బ్యాండ్ (తొమ్మిదికి ఇచ్చే స్కోరు) చొప్పున, రైటింగ్‌లో 6.5, మొత్తం మీద 7 అడుగుతుంది. నర్సులు, డాక్టర్ల లాంటి వైద్యరంగం వాళ్ల కోసం ఉన్న ఓఇటి అనే ఇంగ్లిష్ పరీక్ష కూడా రాయొచ్చు. కానీ ఒకసారి ఐఇఎల్‌టిఎస్ రాసేసింది, పరీక్ష తీరు తెలుసు కాబట్టి దాన్నే కొనసాగిస్తానంది. మొదటి ప్రయత్నంలో లిజనింగ్ 5.5. మిగతావన్నీ దీనికన్నా మెరుగే.

“ఏటి మాస్టారూ, ఇంగ్లిష్ సినిమాలు చూడమంటే చూశాను, బీబీసీ ఇనమంటే ఇన్నాను. ఆరు నెల్ల పాటు రోజుకో మాక్ టెస్టు రాశాను. అయినా నలభైకి ఇరవయ్యో ఇరవై రెండో దాటవు” అంది.

ఆ రోజుకో టెస్టు అన్నమాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. అంతకుముందు ఆమె వెళ్లిన చోట రోజూ ఒక టెస్టు పెట్టి, మార్కులు వేసి, తర్వాతి రోజు ఇంకో టెస్టు పెట్టేవారట. తప్పయిన ప్రశ్న ఎందుకు తప్పయిందో ఎవరూ కూర్చుని చూడలేదు. జ్వరం ఉన్నవాళ్లకు థర్మామీటరు పదే పదే పెడితే జ్వరం తగ్గదన్న సంగతి నర్సుకు చెప్పక్కర్లేదు. ఆ మాటే అన్నాను. వెంటనే ఒప్పుకుంది.

పరీక్ష తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఐఇఎల్‌టిఎస్ లిజనింగ్‌లో నాలుగు భాగాలు, మొత్తం 40 ప్రశ్నలు, ఆడియో సుమారు 30 నిమిషాలు. ప్రతి రికార్డింగూ ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగంలో ఇద్దరి రోజువారీ మాటలు, రెండో దానిలో ఒక్కరే మాట్లాడే సాధారణ విషయం, మూడో దానిలో చదువుకు సంబంధించి ఇద్దరు ముగ్గురి చర్చ, నాలుగో దానిలో ఉపన్యాసం. సుమారుగా 23 సరైన జవాబులకు బ్యాండ్ 6, 30కి 7. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. అంటే ఆమె మెరుగు పడాల్సింది తొమ్మిది పది జవాబులు. చెప్పుకుంటే చిన్నదే, కానీ ఆరు నెలల టెస్టులు ఆ దూరంలో ఒక్క అడుగు కూడా వేయించలేదు.

పంతొమ్మిది తప్పులు

మొదటి రోజు ఒక టెస్టు పెట్టాను. 21 వచ్చాయి. ఆ తర్వాత రెండు వారాల పాటు టెస్టుల జోలికి పోలేదు. తప్పిన పంతొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టాం. పద్ధతి చాలా మామూలుది. ముందు ఆ వాక్యం ట్రాన్స్‌క్రిప్టులో (ఆడియోలోని మాటలన్నీ రాసి ఉన్న కాగితంలో) చూపించి, “ఇది చదివితే అర్థమవుతుందా?” అని అడగడం. తర్వాత ఆ వాక్యాన్నే వినిపించి, “ఏం వినిపించిందో అదే రాయి, అర్థం అక్కర్లేదు” అనడం.

చదివినప్పుడు పంతొమ్మిది వాక్యాలూ అర్థమయ్యాయి. ఒక్క పదం కూడా తెలియనిది లేదు. పదజాలం చాలదు, వర్డ్ లిస్టులు బట్టీ పట్టు అని ఆమెకు ఇన్నాళ్లూ ఇచ్చిన సలహా మొదటి గంటలోనే వీగిపోయింది.

వినిపించినప్పుడు మాత్రం వేరే చిత్రం కనిపించింది. తొమ్మిది చోట్ల, కాగితం మీద తెలిసిన పదాన్నే చెవితో గుర్తుపట్టలేకపోయింది. నాలుగు చోట్ల పదం పట్టుకుంది గానీ చివరి ‘స్’ రాయలేదు. రెండు చోట్ల అంకెలు తారుమారయ్యాయి. ఇంకో రెండు చోట్ల, మాట్లాడే మనిషి మొదట ఒకటి చెప్పి తర్వాత దిద్దుకుంటే మొదటిదే రాసింది. మిగిలిన రెండు, ముందు ప్రశ్న దగ్గరే ఆగిపోయి వెనకదాన్ని వదిలేసినవి.

ఆ తొమ్మిదిలో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. జవాబు ‘లాబొరేటరీ’. రోజూ ల్యాబుకు శాంపిళ్లు పంపే అమ్మాయి ఆ గడిని ఖాళీగా వదిలింది. ఆడియోలో బ్రిటిష్ ఆయన దాన్ని ‘లబారట్రి’ అన్నాడు. మనం అక్షరం అక్షరం విప్పి ‘లా-బొ-రే-ట-రీ’ అంటాం. ఇంకో చోట ‘టెంపరేచర్’ ‘టెంప్రచ’ అయింది, ‘కంఫర్టబుల్’ ‘కమ్ఫ్‌టబుల్’ అయింది. ఆమె పుస్తకంలో చూసిన పదానికి ఒక రూపం, రికార్డింగులో వచ్చిన పదానికి ఇంకో రూపం. ఆ రెండూ ఒకటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అచ్చుతో ముగిసే రెండు భాషలు

చివరి ‘స్’ సంగతి విడిగా చెప్పాలి. సరిహద్దు పిల్లల్లో ఇది ఎక్కువగా చూస్తాను. తెలుగు అజంత భాష. మన మాట అచ్చు మీద వాలుతుంది. బయటి నుంచి వచ్చిన మాటకూ తోక తగిలిస్తాం: బస్సు, కారు, రోడ్డు, బల్బు. ఒడియా వాళ్లూ పదం చివరి అచ్చును వదలరు. హిందీ వాళ్లు ‘ఘర్’ అని ఆపేస్తే ఒడియాలో ‘ఘర’ అని పూర్తిగా పలుకుతారు. మా పిల్లలు ఇంట్లో ఒక అజంత భాష, బడిలో ఇంకో అజంత భాష వింటూ పెరుగుతారు. పదం కొసన ఉన్న హల్లు మీద కాపలా కాయాల్సిన అవసరం వాళ్ల చెవికి ఎప్పుడూ రాలేదు. ఇంగ్లిష్‌లోనేమో ఏకవచనమా బహువచనమా, జరుగుతున్నదా జరిగిపోయిందా అన్నదంతా ఆ కొస హల్లులోనే దాక్కుని ఉంటుంది. ‘టికెట్’ అని రాస్తే తప్పు, ‘టికెట్స్’ అని రాస్తే ఒప్పు. ఒక్క ఊపిరి తేడా.

ఇందులో రెండో పొర లయది. 2007లో లలిత మూర్తి, తకాషి ఒతాకే, యాన్ కట్లర్ కలిసి చేసిన పరిశోధనలో తెలుగు వినేవాళ్లు మాటల ధారను జపనీయుల్లాగే మాత్రల లెక్కన విడగొట్టుకుంటారని తేలింది. మనకు ఇది కొత్తేం కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండని మన ఛందస్సు ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. ఇంగ్లిష్ వాళ్ల చెవి మాత్రలు లెక్కపెట్టదు, ఊనిక పడ్డ, అంటే ఒత్తి పలికిన, అక్షరాన్ని పట్టుకుంటుంది. ఇంగ్లిష్ సంభాషణలో వచ్చే అర్థవంతమైన పదాల్లో సుమారు 90 శాతం నిండు అచ్చున్న బలమైన అక్షరంతోనే మొదలవుతాయని 1987లో కట్లర్, డేవిడ్ కార్టర్ లెక్కగట్టారు. అంటే బలమైన అక్షరం వినిపించిందంటే అక్కడ కొత్త పదం మొదలైందని అనుకుంటే చాలాసార్లు సరిపోతుంది. మా అమ్మాయి ప్రతి అక్షరానికీ సమానమైన విలువ ఇచ్చి వింటోంది. రాజు వచ్చాడో బంటు వచ్చాడో చూడకుండా అందరికీ లేచి నిలబడినట్టు. అందుకే వాక్యం సగానికి రాకముందే అలసిపోయేది.

గిడుగు వారి ఊళ్లో

ఇక్కడి నుంచి నేను చెప్పే తీరు మారింది. అందుకు కారణం మా ఊరే. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాషను వాళ్ల నోటి నుంచి విని నేర్చుకున్నారు. నోటితో మాట్లాడే తెలుగుకూ బడిలో రాసే తెలుగుకూ మధ్య ఉన్న గోడను పడగొట్టడానికి జీవితమంతా పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పేరు ఇక్కడి పిల్లలకు చెప్పాలన్న కోరిక నాకు ఎప్పుడూ ఉంది. ఈసారి పాఠంలోనే దానికి చోటు దొరికింది.

ఆమెను అడిగాను: “మీ నానమ్మ ‘ఏటి సేస్తన్నావే’ అంటే నీకు అర్థమవడానికి ఎంతసేపు పడుతుంది?”

“అసలు సేపేటి మాస్టారూ!”

“ఢిల్లీలో ఎవరో పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్నారనుకో. ‘ఏమి చేయుచున్నావు’ అని చదివారు. వాళ్లు మీ నానమ్మ మాట వింటే?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నేను ఆ ఢిల్లీ మనిషిని” అంది.

అవును. బడి మనకిచ్చింది గ్రాంథిక ఇంగ్లిష్. రికార్డింగులో మాట్లాడేది వ్యావహారికం. ‘వాట్ ఆర్ యు గోయింగ్ టు డు’ కాగితం మీద ఆరు పదాలు. నోట్లో అది ‘వాటయ గన డూ’. పుస్తకంలోని రూపం కోసం చెవి ఎదురుచూస్తుంటే, నోటి రూపం ఎదురుగా వచ్చినా పోల్చుకోలేదు. ఇది తెలివితక్కువతనం కాదు, యాస సమస్య కూడా కాదు. యాస అర్థం కావడం లేదని ఆమె ఎన్నాళ్లో బాధపడింది. బ్రిటిష్ గొంతు, ఆస్ట్రేలియా గొంతు, కెనడా గొంతు పక్కపక్కన పెట్టి చూస్తే, ఆమె జారిపోయిన చోట్లు మూడింటిలోనూ ఒకటే: పదాలు కలిసే చోట్లు.

పదాలు కలిసే చోట ఏం జరుగుతుందో చెప్పడానికి మన దగ్గర ఉన్నంత చక్కటి సరంజామా ఇంకెక్కడ ఉంది? సంధులు ఉన్నాయి కదా. ఆమె తెలుగు వ్యాకరణం బడిలో చదవలేదు, కానీ సంధులు ఆమె నోట్లో రోజూ ఆడుతూనే ఉంటాయి.

‘వాడు ఎక్కడ’ అనం, ‘వాడెక్కడ’ అంటాం. అలాగే వాళ్లు ‘పిక్ ఇట్ అప్’ అనరు, ‘పికిటప్’ అంటారు. ముందు పదం కొస హల్లు తర్వాతి పదం అచ్చును ఎత్తుకుపోతుంది. ‘మా ఇల్లు’ మన నోట ‘మాయిల్లు’ అవుతుంది. ‘సీ ఇట్’ వాళ్ల నోట ‘సీయిట్’ అవుతుంది. అదే యడాగమం. ‘అన్న, తమ్ముడు’ కలిస్తే ‘అన్నదమ్ములు’, ‘తల్లి, తండ్రి’ కలిస్తే ‘తల్లిదండ్రులు’. త-కారం ద-కారమైనట్టే ‘డిడ్ యు’ ‘డిడ్జు’ అవుతుంది, ‘టెన్ పౌండ్స్’ ‘టెమ్ పౌండ్స్’ అవుతుంది. ఇంక ఊనిక లేని ‘హ’ జారిపోవడం ఒకటి: ‘టెల్ హిమ్’ ‘టెలిమ్’, ‘సెండ్ హర్’ ‘సెండర్’. మన ఆస్కర్ పుట్టింది ఇక్కడే.

సూత్రాలన్నీ అచ్చుగుద్దినట్టు సరిపోతాయని అనను. భాషాశాస్త్రం చదివినవాళ్లు తేడాలు ఎన్నైనా చూపగలరు. కానీ నేర్చుకునే మనిషికి భయం పోవడం ముఖ్యం. ‘వాళ్లు నోట్లో నోట్లో మింగేస్తున్నారు’ అని ఇన్నాళ్లూ విసుక్కున్న అమ్మాయి, ‘ఓహో, ఇక్కడ సంధి చేశారు’ అనడం మొదలుపెట్టింది. మింగేశారనుకుంటే చేయగలిగిందేమీ లేదు. సంధి చేశారని తెలిస్తే విడదీయొచ్చు.

ఐదు సెకన్ల ముక్కలు

సాధన ఇలా సాగింది. రోజుకు నలభై నిమిషాలు, అంతకు మించి వద్దన్నాను. నైట్ డ్యూటీ దిగిన రోజున పడుకుని లేచాకే. పాత పరీక్షల రికార్డింగులు, వాటితో పాటు బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ల ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’. దానికి ట్రాన్స్‌క్రిప్టు కూడా దొరుకుతుంది, అందుకే ఎంచుకున్నాను. ట్రాన్స్‌క్రిప్టు లేని ఆడియో ఈ దశలో దండగ. తప్పు ఎక్కడ జరిగిందో చూసుకునే దారి ఉండదు.

ఐదారు సెకన్ల ముక్క వినాలి. విన్నదంతా రాయాలి. ఐదుసార్లు దాకా మళ్లీ వినొచ్చు. వినపడని చోట గీత పెట్టాలి, ఊహించి నింపకూడదు. తర్వాత ట్రాన్స్‌క్రిప్టు తీసి ఎర్ర పెన్నుతో దిద్దాలి. ఆ తర్వాతే అసలు పని: ఆ ముక్కను రికార్డింగులో ఉన్న వేగంతోనే, అదే ఊనికతో, అవే సంధులతో గట్టిగా పలకాలి. తన నోటితో ‘పికిటప్’ అని పదిసార్లు అన్న మనిషికి పదకొండోసారి అది చెవిలో పడితే గుర్తుపట్టడం తేలిక. నోటికి వచ్చినది చెవికి వస్తుంది. ఇది నా అనుభవంలో తప్పలేదు.

స్పీడు తగ్గించి వింటానని మొదట్లో అడిగింది. నేను ఒప్పుకోలేదు. వేగం తగ్గిస్తే ఊనిక లేని అక్షరం సాగుతుందే గానీ నిండు అక్షరం కాదు. ‘ఆస్కర్’ నెమ్మదిగా వింటే నెమ్మదైన ఆస్కరే, ‘ఆస్క్ హర్’ కాదు. ముక్కను చిన్నది చేసుకో, వేగాన్ని ముట్టుకోకు అన్నాను.

ఓ చిన్న నోటుపుస్తకం పెట్టించాను. ఎడమ పక్క పుస్తకంలో ఉన్న రూపం, కుడి పక్క తనకు వినిపించిన రూపం తెలుగు లిపిలో. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఉచ్చారణను దాచేస్తుంది. తెలుగు లిపి విన్నది విన్నట్టు పట్టుకుంటుంది. ‘ఫస్ట్ ఆఫ్ ఆల్’ పక్కన ‘ఫెస్టివల్’ అని రాసుంది. ‘మస్ట్ హావ్ బీన్’ పక్కన ‘మస్టబ్బిన్’. ‘ఇన్ యాన్ అవర్ ఆర్ టూ’ పక్కన ‘ఇననవరటూ’. బడిలో తెలుగు రాయడం నేర్చుకోని ఈ అమ్మాయి, వాళ్లమ్మ దగ్గర గుణింతాలు దిద్దుకుని మరీ ఈ పుస్తకం రాసింది. అది చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ బ్యాండ్ స్కోరుకూ సంబంధించింది కాదు.

మూడు వారాలయ్యాక ఒక సంగతి బయటపడింది. ఆమె ఇయర్‌ఫోనులో ఒక పక్క పనిచేయడం లేదు. మూడు వారాలూ ఒక చెవితో ఆడియో, ఇంకో చెవితో వీధి వింటూ వచ్చింది. అడగాల్సింది నేను. ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే హెడ్‌ఫోను నా చెవికి పెట్టుకుని చూస్తున్నాను.

డాక్టరు ఫోను చేసినప్పుడు

ఐదో వారంలో ఆమే ఒక మాట అంది. “మాస్టారూ, రాత్రిపూట డాక్టరు గారు ఫోన్లో ఆర్డరిస్తారు. లైను బాగోదు, ఆయన తొందరలో ఉంటారు. సగం ఒడియా, సగం ఇంగ్లిష్. అయినా ఒక్కటీ తప్పు రాయను. మరి ఇక్కడ ఎందుకు తప్పుతున్నాను?”

ఈ కేసులో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. ఫోను ఎత్తేసరికి ఆమె బుర్రలో గడులు సిద్ధంగా ఉంటాయి: ఏ పేషెంటు, ఏ మందు, ఎంత మోతాదు, ఏ దారిన ఇవ్వాలి, ఎన్ని గంటలకు. డాక్టరు నోట్లోంచి వచ్చేది ఆ గడుల్లో దేనికో ఒకదానికి సరిపోవాలి. పైగా రాసుకున్నది తిరిగి చదివి వినిపిస్తుంది. ‘ఫిఫ్టీన్’ అన్నారా ‘ఫిఫ్టీ’ అన్నారా అన్న అనుమానం వస్తే ‘వన్ ఫైవ్’ అని అంకెలు విడగొట్టి అడుగుతుంది. పరీక్షలోకి వచ్చేసరికి ఈ తయారీ ఏదీ లేకుండా, ఏది వస్తుందో చూద్దామని కూర్చుంటోంది.

ఆ రోజు నుంచి ప్రశ్నపత్రాన్ని ఆర్డర్ షీటు అన్నాం. ప్రతి భాగానికీ ముందు ప్రశ్నలు చూసుకోవడానికి కొద్ది సెకన్లు ఇస్తారు. ఆ టైములో ప్రతి ఖాళీ పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి: ఇక్కడ అంకె రావాలి, ఇక్కడ వస్తువు రావాలి, ముందు ‘సమ్’ ఉంది కాబట్టి బహువచనం కావచ్చు, ‘ఎ’ ఉంది కాబట్టి ఏకవచనమే. రెండు పదాలకు మించకూడదని సూచన ఉంటే మూడో పదం రాశామంటే తెలిసిన జవాబు కూడా పోతుంది, అది ముందే చూసుకోవాలి. చివరి ‘స్’ తప్పులు తగ్గింది చెవి బాగుపడటం వల్ల కొంత, ఈ గుర్తుల వల్ల కొంత. రెండో దాని వాటాయే ఎక్కువనుకుంటాను.

దిద్దుకునే మాటల సంగతీ ఇంతే. మొదటి భాగంలో ‘మంగళవారం వస్తాను, ఆ కాదు, ఆ రోజు వేరే పని ఉంది, గురువారం’ అన్న తీరు తరచుగా వస్తుంది. డాక్టరు మోతాదు మార్చినప్పుడు పాతది కొట్టేసి కొత్తది రాసే అలవాటు ఆమెకు ఉంది. ‘యాక్చువల్లీ’, ‘నో వెయిట్’, ‘సారీ’ అన్న మాటలు వినగానే చెయ్యి పాతదాన్ని కొట్టేయడానికి సిద్ధంగా ఉండాలని చెప్పాను. ఈ రకం తప్పు ఆ తర్వాత మళ్లీ నాకు కనిపించలేదు.

‘టీన్’, ‘టీ’ అంకెలు మాత్రం కాస్త మొండికేశాయి. ‘థర్టీన్’లో రెండో అక్షరం మీద, ‘థర్టీ’లో మొదటి దాని మీద ఊనిక అని అందరూ చెబుతారు. విడిగా పలికినప్పుడు నిజమే. కానీ వెంటనే ఇంకో పదం వస్తే, ఉదాహరణకు ‘థర్టీన్ పేషెంట్స్’ అంటే, ఊనిక ముందుకు జరిగిపోతుంది. అందుకని ఊనికను నమ్ముకోవద్దు, కొసన ‘న్’ ఉందా లేదా అని చూడమన్నాను. మళ్లీ అదే కొస హల్లు.

ఆరో వారం, ఏడో వారం

ఇక్కడ నా పొరపాటు చెప్పాలి. ఆరో వారం చివర మాక్ పెడితే 24 వచ్చాయి. ఇద్దరం సంబరపడ్డాం. ఏడో వారం 22. ఆ సాయంత్రం ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, “ఒగ్గేస్తాను మాస్టారూ, నా వల్ల కాదు” అని లేచింది. కూర్చోబెట్టి, ఆ తప్పిన పద్దెనిమిదినీ మళ్లీ విప్పాం.

కొత్త రకం తప్పు కనిపించింది. గుర్తుపట్టలేకపోయిన పదాలు మూడే. ముందు ప్రశ్న దగ్గర ఆగిపోయి వెనకవి వదిలేసినవేమో తొమ్మిది. ఒక పదం సరిగ్గా వినపడకపోతే, అక్కడే సంధి విడదీస్తూ కూర్చుంది. ఈలోగా ఆడియో రెండు ప్రశ్నలు దాటిపోయింది. తప్పు ఆమెది కాదు. ఏడు వారాలుగా నేను ఆమెకు నేర్పింది ఆగి వినడమే. ఐదు సెకన్ల ముక్కకు ఐదు అవకాశాలు ఇచ్చి ఇచ్చి, పరీక్షలో ఒక్కటే ఉంటుందన్న సంగతి ఆమె చెవి మరిచిపోయేలా చేశాను. సూక్ష్మంగా వినే పనితో పాటు, ధారగా వినే పని మూడో వారం నుంచే కలపాల్సింది.

సగం సగం చేశాం. ఇరవై నిమిషాలు ముక్కలు, ఇరవై నిమిషాలు ఒక పూర్తి భాగం, ఒక్కసారే. పూర్తి భాగంలో నియమం ఒక్కటే: జారిపోయిందనిపిస్తే అక్కడ చుక్క పెట్టి, కళ్లు తర్వాతి ప్రశ్న మీదకు పోవాలి. అలవాటు కావడానికి ఒక పని చేశాను. ఆడియో నడుస్తుండగా మధ్యలో కావాలనే ఆమెతో ఏదో ఒకటి మాట్లాడేవాణ్ణి, ఒక ప్రశ్న పోయేలా. పోయినదాని కోసం వెనక్కి చూడకుండా తర్వాతిదాన్ని అందుకోవాలి. మొదటి మూడు రోజులు కోపం వచ్చింది. నాలుగో రోజు నా మాట వినిపించుకోకుండానే రాసింది.

తొమ్మిదో వారం 27, పదకొండో వారం 30, పన్నెండులో 31.

పరీక్ష, ఆ తర్వాత

పరీక్ష విశాఖపట్నంలో, కంప్యూటర్ మీద. ముందు రోజే వెళ్లి బంధువుల ఇంట్లో ఉండమన్నాను. కంప్యూటర్ పరీక్షలో జవాబులు వింటూనే టైప్ చేయాలి. కాగితం పరీక్షలో జవాబులు ఎక్కించుకోవడానికి ఇచ్చే పది నిమిషాలు ఇక్కడ ఉండవు, చివర్లో సరిచూసుకోవడానికి రెండు నిమిషాలే. అందుకని ఆఖరి రెండు వారాలు టైప్ చేస్తూ వినే సాధన చేయించాను. లేకపోతే చెవి ఒక దారి, వేళ్లు ఒక దారి అవుతాయి.

బయటికి వచ్చి ఫోను చేసింది. మూడో భాగంలో ఇద్దరు విద్యార్థులు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారట, రెండు ప్రశ్నలు పోయాయట. “చుక్క పెట్టి ముందుకు పోయాను మాస్టారూ” అంది. మార్కుల గురించి మాట్లాడలేదు.

లిజనింగ్ 7 వచ్చింది. రీడింగ్ 7, స్పీకింగ్ 7. రైటింగ్ 6 దగ్గర ఆగింది, కావలసింది 6.5. అంటే పని ఇంకా ఉంది. ఇప్పుడు వారానికి మూడు రోజులు వ్యాసాలు తెస్తోంది. దానికి వేరే రకం కష్టం, వేరే కేసు.

ఈ పద్ధతిని ఆ తర్వాత మరో నలుగురితో మొదలుపెట్టాను, ధారగా వినే పనిని ఈసారి మూడో వారం నుంచే కలిపి. ఒకడు గుణుపురం కుర్రాడు, సవర పిల్లవాడు. ఇంట్లో సవర, బయట తెలుగు, బడిలో ఒడియా. కొస హల్లుల విషయంలో అతని తప్పులు తెలుగు పిల్లల తప్పుల్లా లేవు. అతని నోటుపుస్తకంలో కుడి పక్క ఏమేం చేరుతుందో రోజూ చూస్తున్నాను.

మూడో భాగం చర్చలకు మాత్రం ఇంకా సరైన దారి దొరకలేదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడే రికార్డింగులు వెతికి పోగుచేస్తున్నాను. మొన్న ఆ అమ్మాయి తన పాత నోటుపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది, కొత్తగా చేరినవాళ్లకు ఇవ్వమని. ఆఖరి పేజీలో ఎడమ పక్క ‘ఆస్క్ హర్’ అని మళ్లీ రాసి ఉంది. కుడి పక్క ‘ఆస్కర్’ అని రాసి, దాన్ని కొట్టేసి, కింద తెలుగు అక్షరాల్లో ‘ఆస్క్ + హర్, హ-లోపం’ అని దిద్దింది.